ప్రాచీనాంధ్ర వస్త్రవాచకములు

తెలుఁగు నిఘంటువులలో 'వస్త్రవిశేషము' అను నర్థము తఱచుగాఁ గానవచ్చును. ఒక చీరపేరు కావ్యమున నుండును, ఆ చీర యెట్టిదో వ్యాఖ్యాత యెఱుఁగఁడు, నిఘంటుకారుఁడు నెఱుఁగఁడు, కావున నిరువురును 'వస్త్రవిశేషము' అని వ్రాసి ముందునకు సాగుదురు. చెట్లపేళ్లకు 'వృక్షవిశేషము' వ్రాయుటయు నిట్టిదే. కాని చెట్టు నేఁటికిని అడవిలో నున్నది, వెదకి చూపవచ్చును. నూఱేండ్లు నిలిచిన నూలువస్త్రమే యరుదు. వస్త్రము చినిఁగిన పిమ్మట మిగులునది పేరొక్కటియే. ఆ పేరునకును నర్థము పోయినచో నిఁక మిగులున దేమియు లేదు.

పాల్కురికి సోమనాథుఁడు వస్త్రముల పేళ్లను వరుసగాఁ బేర్కొన్న పట్టు పండితులకు సుపరిచితము. వెంజావళి, జయరంజి, మంచుపుంజము, మణిపట్టు, భూతిలకము, మహాచీని, చీని మున్నగున వందుఁ గలవు. వీనిలోఁ గొన్ని వర్తకులు తమ సరకునకుఁ బెట్టుకొన్న సొగసుపేళ్లుగాఁ దోఁచును. భూతిలక మను పేరువలన నాబట్ట నూలుదో పట్టుదో తెలిసికొనుట కుపాయము లేదు. చీని, మహాచీనులు మాత్రము పుట్టుకను దాఁచుకొనలేదు. కాళిదాసు శాకుంతలమునందలి చీనాంశుకమువలెనే యివియుఁ జీనాపేరు మోయుచున్నవి. అవి యోడలమీఁద వచ్చిన సరకులో, ఆ మాదిరిని ఇచ్చటనే నేసినవో పేరునుబట్టి నిర్ణయింపరాదు. నేఁడు బెంగుళూరు వంకాయ లన్నియు బెంగుళూరినుండియే వచ్చుచున్నవా?

మంచుపుంజ మను పదము కొంత నిలిచి చూడఁదగినది. పండితుఁడు దీనిని జూచినతోడనే మంచుకుప్ప యని యర్థము చెప్పును. తెల్లని పలుచని బట్టకుఁ దగిన పేరే. కాని సాలెవాని నోట 'పుంజము' వేఱొక యర్థము గల మాట. పడుగునందు నూటయిరువది పోగుల లెక్కకుఁ బుంజ మని పేరు. ఒకే వెడల్పునఁ బుంజము లెక్కువయినకొలఁది బట్ట సన్నమగును, వెలయుఁ బెరుగును. ఆంగ్లవర్తకులు ఉత్తరసర్కారులలో బట్టలను గొనునపు డీలెక్కనే వాడిరి. ఇన్ని పుంజముల బట్ట యని వారి వ్రాఁతలలోఁ గలదు. ఇట్లగుచో మంచుపుంజ మనునది మంచువలెఁ దెల్లనైన, పుంజముల లెక్కచే విలువకట్టఁబడిన సన్నవస్త్రము కావచ్చును. తెలుఁగు 'మంచు'పై సంస్కృత 'పుంజము'ను జేర్చిన సమాసము వ్యాకరణజ్ఞులకు రుచింపదు. శివకవి యట్టి నియమములను లెక్కసేయఁడన్న మాటయు నిజమే. అయినను పుంజము నేఁతపని మాట యనుకొన్నచో నాచిక్కు తేలికపడును. ఇది నిశ్చయము కాదు, ఊహయే. కాని మగ్గముదగ్గఱకుఁ బోయి యడిగినఁగాని పుట్టని యూహ.

ఇట్టి విచారణకు మిక్కిలి చక్కని సామగ్రి కుళ్లాయి, కబాయి యను రెండు పదములయందుఁ గలదు. శ్రీనాథుని దని ప్రసిద్ధికెక్కిన చాటువొకటి కర్ణాటరాజధానిలో నాతఁడు పడిన పాట్లను జెప్పును. తలకుఁ గుళ్లాయి పెట్టి, కోక చుట్టి, మహాకూర్పాసము తొడిగితి నని కవి యందు వాపోవును. పిమ్మట నచ్చటి భోజనమును నిందించును. పాఠశాలలలో దీనిని జెప్పునపుడు బాలురు రెండుచోట్ల నవ్వుదురు. కుళ్లాయి యనఁగా నీళ్లగొట్ట మనుకొని యొకమాఱు, కవి కోక కట్టె నని మఱియొకమాఱు. నీళ్ల కుళాయికిని దీనికిని సంబంధము లేదు. అది అరవమున గొట్టమునకు వాడు 'కుఴాయ్' అను మాటతోఁ జేరినది. ఈకుళ్లాయి పారసీకమున టోపీకిఁ బేరైన 'కులాహ్'.

కవి యందు దుఃఖించిన దేమి? పరదేశీయుల వేష మాంధ్రకవిచేఁ గట్టింపఁబడె నని కొందఱు వ్యాఖ్యానింతురు. ఆ మాట నిలువదు. అది కర్ణాటప్రభువుల కొలువువేషము. శ్రీనాథుఁడు దర్శించినట్లు చెప్పఁబడు ప్రౌఢదేవరాయల సభకే 1443లో పారసీకరాయబారి అబ్దుల్ రజాక్ వచ్చెను. రాజు జైతూనీ పట్టుతోఁ జేసిన కబా తొడిగికొని యుండె నని యాతఁడు వ్రాసెను. జైతూ ననునది చీనారేవుపట్టణమునకు అరబ్బులు పెట్టిన పేరు. ఆంగ్లేయుల 'సాటిన్' దానినుండియే పుట్టిన దందురు. ఆ కబాయే మన కబాయి. ఒక్క కొలువును జూచిన యిరువురిలో నొకఁడు తనకు జిరపరిచితమైన యుడుపును గాంచెను. మఱియొకఁడు తనకుఁ గొత్తయైన యుడుపు తొడిగెను. న్యూనిజ్ అను పోర్చుగీసువాఁడు 1535 ప్రాంతమున వ్రాసిన వృత్తాంతమున విజయనగరరాజుల జలతారు టోపీలను 'కులాయె' లని తెలుఁగుమాటకు దగ్గఱగానే పేర్కొనెను. మధురనాయకుల కొలువునఁ బుట్టిన దని తలఁపఁబడు రాయవాచకమందును గబాయికుళ్లాయిలు బహుమానములుగాఁ గానవచ్చును.

వ్రాఁతలతోఁ దృప్తిపడనివారు లేపాక్షి వీరభద్రాలయమున మంటపపుఁ గప్పులను జూడవలెను. 16వ శతాబ్దిలో వ్రాసిన యాచిత్రములలో పొడవైన మొనటోపీలును, మోఁకాళ్లు దిగిన తెల్లని యంగరకాలును ధరించిన యధికారులు బారులుదీరి యున్నారు. తిరుమల గుడిలోని కృష్ణదేవరాయల లోహవిగ్రహమునకుఁ దలపై నాకుళ్లాయియే కలదు, ఒడలిపైఁ గబాయి లేదు. దైవసన్నిధిని గుట్టిన బట్టను విడిచి, కొలువుకూటమునఁ దొడుగుట యాచార మైయుండె నని దీనివలన నేర్పడుచున్నది. ఈవేషము శత్రువునకు లోఁబడుటవలన వచ్చినది కాదనియు, నానాఁటి నాగరక రాజసభల కెల్ల సామాన్యమైన యుడుపును రాయలు తమంతఁ దామే కైకొని రనియు ఫిలిప్ వాగొనర్ 1996లోఁ బ్రకటించిన వ్యాసమున నిరూపించెను. 'హిందూరాయసురత్రాణ' బిరుదమును నిట్టిదే. సురత్రాణుఁ డనఁగా సుల్తానే. అరబ్బీమాట సంస్కృతపుఁ గుబుసము తొడిగికొన్నది.

కుబుస మన్న మాట వచ్చినది గనుక కూర్పాసమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. అమరసింహుఁడు చోళ, కూర్పాసకములను బర్యాయములుగాఁ జెప్పెను. కూర్పర మనఁగా మోచేయి. దానినుండి వ్యాఖ్యాతలు వ్యుత్పత్తి చెప్పుదురు. కావున నది ఱొమ్మును గప్పి మోచేతితో నాఁగు పొట్టియుడుపు. దాని తద్భవమే కుప్పసము. పాముపొరకుఁ జెల్లు కుబుసమును నిదియే. సంస్కృతమునఁ గంచుకమునకును నట్లే రెండర్థములు గలవు. ఇంతటి పొట్టియుడుపునకుఁ గవి 'మహా' విశేషణము నేల చేర్చెను? మోఁకాళ్లు దాఁటు కబాయిని జూచి, దానికి దగిన సంస్కృతశబ్దము లేక, ఉన్న కూర్పాసమునే పెద్దదిగాఁ జేసికొనె నని తోఁచుచున్నది. టోపీ కట్టి మాటయు దొరకలేదు, పారసీకపదమునే నిలిపెను. ఛందోనిర్బంధ మందు రేమో. కవిసార్వభౌమునకుఁ బద్యమున మాట దొరకలే దనుట హాస్యాస్పదము. వస్తువు క్రొత్తది, పేరు దానితోడనే వచ్చినది.

ఇఁకఁ గోక. పూర్వ మది స్త్రీపురుషు లిరువురు కట్టునదియే. చీరయు నంతే, సంస్కృతమునఁ జీర మనఁగా నారబట్ట, తెలుఁగున మొదట వస్త్రమాత్రము. పురుషునికిఁ బంచె, ధోవతి యని వేఱు పేళ్లు స్థిరపడినకొలఁది కోక, చీర యను పదములు స్త్రీలకే మిగిలినవి. మాట మాఱలేదు, కట్టువారు తగ్గిరి. దుప్పటిమాత్రము తన లెక్కను దాఁచుకొనలేదు. రెండు పట్టములను గలిపి కుట్టినది గనుక నాపేరు వచ్చినది. ఒంటిపాటున వెడల్పుగా నేసిన బట్టకును నేఁడు దుప్పటి యనియే పేరు.

నేఁతపనివారి పదములను బండితులు చిరకాలము గ్రామ్యములని విడిచిరి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశమున రెండవసంపుటమును 1971లోఁ జేనేతకే కేటాయించినది. పడుగు, పేక, కండె, నాడె, ఆసు వంటివి వృత్తిలో నున్నంతవఱకే నోట నాడు మాటలు. కావ్యములలోని వస్త్రనామముల నాసంపుటముతోఁ బ్రక్కప్రక్కనఁ బెట్టి చదివినచో, మంచుపుంజమువలె మఱికొన్ని 'వస్త్రవిశేషములు' విశేషమేమో చెప్పఁగలవు. భూతిలకమును, జయరంజియు నట్టివారికొఱకే యెదురుచూచుచున్నవి.