ముఖము కనబడని సలహా

ఎర్రగుంట్ల మండలమందలి కలమళ్లలో లభించిన ఆరవ శతాబ్దపు శాసనమును తెలుగులో తొలి శాసనముగా పండితులు ఎంచుచున్నారు. మన మాట రాతి కెక్కిన ఆ సీమలోనే నోటికి రాని మాటలును కొన్ని కలవు. హెచ్.ఐ.వి.తో జీవించుచు వయసు మళ్లినవారి దాంపత్యమును గూర్చిన మాట అట్టిది. దానికి టెలిఫోను ఎట్లు దారి చూపినదో మనమిపుడు పరిశీలింతము.

1986లో మద్రాసున డాక్టరు సునీతి సోలమన్ పర్యవేక్షణలో, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్తములో ఈ క్రిమి మన దేశమున తొలిసారి బయటపడినది. పిదప చాల ఏండ్లు ఈ వ్యాధి చరిత్ర మరణముల చరిత్రయే. నాపరాయి, సిమెంటు మోయు లారీలు తిరుగు ఎర్రగుంట్ల వంటి ఊళ్లలో డ్రైవర్లను వేలెత్తి చూపుట సులభము. నాటి ప్రచారమును వారిని ప్రత్యేకముగా ఉద్దేశించినదే. ఇంటనున్న ఇల్లాలి సంగతి వెనుకబడినదని మా అభిప్రాయము.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వము హెచ్.ఐ.వి. మందులను ఉచితముగా నిచ్చుట ఆరంభించినది. ఆంధ్రప్రదేశ్ ఆ మొదటి రాష్ట్రములలో నొకటి. నాడు నలుబదేండ్లున్నవారు, మందు విడువక వాడినవారు, నేడు అరువది దాటి మనుమల నెత్తుకొనుచున్నారు. చావు తప్పినది, కాపురము మాటేమి? భయముచే పడకలు వేరు చేసికొన్న జంటలు కలవు. 2011లో ఫలితములు వెలువడిన ఒక పరిశోధన తొమ్మిది దేశములలో 1763 జంటలపై జరిగినది. చెన్నై, పుణె నగరములును అందు పాల్గొన్నవి. ముందుగా మందు ప్రారంభించినచో భాగస్వామికి వ్యాధి సోకుట నూటికి 96 పాళ్లు తగ్గునని అది తేల్చినది. రక్తమున క్రిమి పరీక్షకు చిక్కనంతగా తగ్గి అట్లే నిలిచినచో సంభోగమువలన సోకదని వైద్యలోకము తరువాత నిశ్చయించినది. ఈ ముక్క తెలియక వృథాగా దూరమైనవారి దుఃఖమును ఎవరు లెక్కింతురు?

మరియొక చిక్కు కలదు. ముట్లుడిగిన స్త్రీకి పొడితనము, నొప్పి. మధుమేహమున్న పురుషునకు పటుత్వలోపము. సిగ్గుచే ఇతడు మందుల అంగడిలో శక్తి మాత్ర కొని మ్రింగును. రిటోనవిర్ కలిసిన మందులు వాడువారికి సిల్డెనాఫిల్ మాత్ర రక్తములో మితిమీరి పెరిగి రక్తపోటును ప్రమాదకరముగా దించగలదు. ముందుగా అడిగినచో తప్పు అపాయమిది. కాని కొడుకు వయసున్న వైద్యుని ముఖము చూచి ఎట్లు అడుగును?

ఇచ్చటనే టెలిఫోను అక్కరకు వచ్చినది. అమెరికాలో ట్రావిస్ లవ్‌జాయ్, ఆయన సహచరులు 45 ఏండ్లు, ఆపై వయసున్న 100 మందిపై చిన్న పరిశోధన జరిపి 2011లో ప్రకటించిరి. ఫోనుమీద నాలుగు మారులు సలహా పొందినవారిలో రక్షణలేని సంభోగము, ఒక్కమారు పొందినవారికంటె తగ్గినది. మన దేశమున 2014 డిసెంబరు 1న 1097 సంఖ్యతో ఉచిత సహాయవాణి దేశమంతటికి ఏర్పడినది. 2020 మార్చి 25న దూరవైద్య నియమములు వెలువడి, వైద్యులు ఫోనున సలహా నిచ్చుటకు స్పష్టమైన ఆధారము కల్పించినవి. కడపకు సుమారు 40 కిలోమీటర్లు బస్సులో పోయి, వరుసలో తెలిసినవా రెవరైన చూతురేమో యని తల దించుకొనువారికి ఇది చిన్న ఉపకారము కాదు.

ఐనను ఆ ఫోను తరచు కొడుకుది. ఇల్లు ఇరుకు. చెవి మందగించిన తాత బిగ్గరగా మాటలాడును. పొయ్యికడ కోడలు వినును. 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము, నమ్మి చెప్పిన సంగతిని రోగి సమ్మతిలేక ఇతరులకు వెల్లడింపరాదని విధించినది; పొయ్యికడ వినబడిన మాటకు అది ఏమి చేయగలదు? కావున సలహాదారులు మొదట "ఇప్పుడు మాటలాడ వీలున్నదా?" యని అడిగి, లేనిచో వీలైన వేళ తెలిసికొనుట మేలు. చేని గట్టుననో, రైలు స్టేషను బల్లమీదనో ఆ వేళ దొరకవచ్చును.