ఆషాఢంలో తాళి

శ్రావణంలో ముహూర్తాలు రాసిచ్చిన కాగితం అమ్మమ్మ చేతిలో ఉంది. ఫోన్‌లో డాలస్ నుంచి కాబోయే అల్లుడు.

"అత్తయ్యగారూ, శ్రావణం దాకా ఆగితే మీ అమ్మాయి ఒక్కతే రావాల్సి వస్తుంది. బుజ్జి ఇక్కడే ఉండిపోతుంది."

కృష్ణా జిల్లాలో ఒక ఊరు. పేర్లు మనకొద్దు. ఆమె టీచరు, విడాకులు తీసుకున్న మనిషి. ఆయన భార్య పోయిన అమెరికా పౌరుడు. ఆమె కూతురు బుజ్జి ఇంటర్ రెండో ఏడు. ఆషాఢం చివర్లో ఆ పిల్లకు పద్దెనిమిది నిండుతాయి. చిక్కంతా అక్కడే. అమెరికా చట్టం ప్రకారం, పెళ్లి నాటికి బిడ్డకు 18 నిండకుండా ఉంటేనే సవతి తండ్రి ఆ బిడ్డకు గ్రీన్‌కార్డు పిటిషన్ వేయగలడు. ఒక్కరోజు దాటినా ఆ దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత తల్లి తన కార్డు తాను తెచ్చుకుని, కూతురికి తనే పిటిషన్ వేసి, వరసలో నిలబడాలి.

దత్తత తీసుకుంటే పోలేదా అన్నాడు మేనమామ. దానికి గడువు మామూలుగా 16 ఏళ్లే. అదెప్పుడో దాటింది. అసలు దత్తతతో పనే లేదు.

"ఆషాఢంలో తాళి కట్టించుకుంటావుటే?" అంది అమ్మమ్మ.

"మొదటిదానికి పంచాంగం చూసే పెట్టారుగా అమ్మా."

ముసలామె ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి, పట్టుచీర ఉందా, కొనాలా అని అడిగింది.

గుళ్లో పెళ్లి, పదిమంది జనం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు. తీరా కాగితాలు వేసే దగ్గర ఇంకో పొరపాటు జరగబోయింది. భార్యకు వేస్తే బిడ్డ వెంట వస్తుందనుకున్నాడాయన. హెచ్-1బీ వాళ్ల పిల్లలు హెచ్-4 మీద రావడం చూసినవాళ్లంతా ఇలాగే అనుకుంటారు. పౌరుడు భార్యకు వేసే ఐ-130 పిటిషన్‌లో బిడ్డ రాదు. తల్లికొకటి, కూతురికొకటి వెయ్యాలి. లాయరు చెప్పబట్టి సరిపోయింది. బిడ్డకు 21 నిండకముందే పిటిషన్ వేస్తే, పెళ్లి చేసుకోనంతవరకూ, వయసు ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. ఆ బెంగ తీరింది.

ముంబై కాన్సులేట్‌లో పెళ్లి ఫోటోలు తిరగేస్తూ అధికారి అడిగాడు, ఇంత తక్కువమందేమిటని. తల్లి నోరు తెరిచేలోపు కూతురే చెప్పేసింది: "నాకు పద్దెనిమిది నిండిపోతాయని తొందరగా చేశారు."

తల్లి గుండె జారిపోయింది. నిజానికి భయపడాల్సిందేం లేదు. కుదిరిన పెళ్లిని ముందుకు జరపడం తప్పు కాదు, కార్డు కోసమే పెళ్లి నాటకం ఆడటం తప్పు. పరిచయం ఎలా అయింది, ఆయన ఇంటికెప్పుడొచ్చాడు అని ఇంకొన్ని అడిగి, ఇద్దరికీ వీసా ఇచ్చారు.

పెళ్లయి రెండేళ్లు కాకముందే అమెరికాలో దిగారు కాబట్టి ఇద్దరికీ వచ్చింది రెండేళ్ల షరతుల కార్డే. ఆ షరతులు తీయించుకోవడానికి మళ్లీ దరఖాస్తు పెట్టాలి.

ఇలాంటి సంబంధం మీ ఇంట్లో నడుస్తుంటే, పంతులుగారి దగ్గరికి వెళ్లేముందు పిల్లల బర్త్ సర్టిఫికెట్లు బయటికి తీయండి.