మిరపలో మొవ్వుకుళ్ళు వైరస్: గుర్తింపు చరిత్ర

మొవ్వుకుళ్ళు తామరపురుగులు వ్యాపింపజేసే వైరస్ తెగులు. సోకిన మిరప మొక్కలో చిగురు నల్లబడి ఎండిపోతుంది, ఆకుల మీద వలయాకారపు మచ్చలు లేస్తాయి, కాయలు మచ్చలు పడి రంగు చెడతాయి. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు వైపు, దీన్ని మిరప తెగులుగా మాత్రమే చూడటం సరికాదు. వేరుశనగ, పెసర, మినుము, టమాటా అన్నీ దీనికి ఆశ్రయమే.

ఈ వైరస్ ఆచూకీ మొదట దొరికింది వేరుశనగలో. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1979లో దీన్ని టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్‌గా గుర్తించారు. ఆస్ట్రేలియాలో ఎప్పుడో బయటపడిన ఆ వైరస్ తప్ప ఈ కోవలో మరొకటి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. పరిశోధనకు పెద్ద అడ్డంకి వైరస్ అస్థిరత్వం: ఆకు నూరగానే రసంలో దాని శక్తి తగ్గిపోతుంది. అందుకే చల్లని కల్వంలో, రక్షక రసాయనం కలిపి ఆకు నూరి, ఆ రసాన్ని సి-152 రకం అలసంద ఆకులకు రుద్దేవారు. కొద్ది రోజుల్లో అక్కడ మచ్చలు తేలితే వైరస్ బతికి ఉన్నట్టు.

1992లో ఇక్రిశాట్ శాస్త్రవేత్త డి.వి.ఆర్. రెడ్డి బృందం ఈ వైరస్‌ను శుద్ధి చేసి, యాంటీసీరంతో స్పాటెడ్ విల్ట్‌తో పోల్చి చూసింది. రెండూ వేరని తేలింది. అలా వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్ ప్రత్యేక జాతిగా నిలిచింది. వాహకం విషయంలోనూ సవరణ తప్పలేదు: మొదట ఫ్రాంక్లినియెల్లా షుల్ట్‌జెయి అనే తామరపురుగు అనుకున్నది, చివరకు త్రిప్స్ పాల్మి అని తేలింది. పిల్లపురుగు దశలో వైరస్ ఎక్కితేనే రెక్కల పురుగు దాన్ని మరో మొక్కకు అంటించగలదు.

కంటిని నమ్ముకుంటే ఎంత ముప్పో 2000లో అనంతపురం చూపింది. సుమారు 2,25,000 హెక్టార్ల వేరుశనగ దెబ్బతిని, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. మొదట అందరూ మొవ్వుకుళ్ళే అన్నారు. పరీక్షల్లో దొరికింది టొబాకో స్ట్రీక్ వైరస్. అది వయ్యారిభామ పుప్పొడితో, తామరపురుగుల సాయంతో వచ్చింది.

మిరపలో చిక్కు ఇంకా లోతైనది. ఆస్ట్రేలియాలో క్యాప్సికం మీద బయటపడిన క్యాప్సికం క్లోరోసిస్ వైరస్ మన మిరపలోనూ ఉందని 2008లో ప్రకటించారు. అది మొవ్వుకుళ్ళు వైరస్‌కు దగ్గరి చుట్టం కావడంతో, యాంటీబాడీలతో వైరస్‌ను పట్టే ఎలీసా పరీక్ష రెంటినీ స్పష్టంగా విడదీయలేదు. కవచ ప్రొటీన్ జన్యువును చదివి, అమైనో ఆమ్లాల పోలిక 90 శాతం లోపు ఉంటేనే వేరు జాతి అంటారు. కేవలం ఎలీసా ఆధారంగా రాసిన పాత మిరప నమోదులను అందుకే ఆచితూచి చదవాలి.

మిరపలో కనిపించే ఆకు ముడతలు వేరు: తెల్లదోమ తెచ్చే జెమిని వైరస్ ముడతకు మొవ్వుకుళ్ళుతో సంబంధం లేదు. తామరపురుగులు రసం పీల్చితే వచ్చే పై ముడత, నల్లి వల్ల వచ్చే కింది ముడత అసలు వైరస్ తెగుళ్ళే కావు. కారణాన్ని బట్టే చర్య మారుతుంది: టొబాకో స్ట్రీక్‌కు గట్ల మీది వయ్యారిభామను పూతకు ముందే పీకాలి, మొవ్వుకుళ్ళు వైరస్‌కు చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరసలు వేసి తామరపురుగు రాకను అడ్డుకోవాలి.