కాగితపు మురుగుకు కరెంటు శుద్ధి

అచ్చయిన పాత కాగితం నుంచి సిరా తీసి మళ్లీ కాగితం తయారుచేసే పద్ధతిని గొట్టింగెన్‌కు చెందిన జర్మన్ న్యాయకోవిదుడు యుస్టుస్ క్లాప్రోత్ 1774లో వివరించాడు. 1800లో మథియాస్ కూప్స్ లండన్‌లో అటువంటి పద్ధతికే పేటెంటు పొందాడు. అదే ఏడు, అదే నగరంలో నికల్సన్, కార్లైల్ అనే పరిశోధకులు బ్యాటరీతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టారు. ఈ రెండు దారులూ కలవడానికి ఒకటిన్నర శతాబ్దానికి పైగా పట్టింది.

కరెంటుతో శుద్ధి మొదట ఊరి మురుగుకే జరిగింది. 1889లో విలియం వెబ్‌స్టర్ లండన్ దగ్గరి క్రాస్‌నెస్‌లో మురుగును ఇనుప పలకల మధ్యగా పారించి కరెంటు పంపాడు. 1909లో అమెరికాలో హారీస్ ఇనుము, అల్యూమినియం పలకల పద్ధతికి పేటెంటు పొందాడు. కరెంటు ఖరీదు, అదే పని చేసే పటిక చవక కావడంతో ఈ విధానం మూలపడింది. గత శతాబ్దం చివర్లో కాలుష్య నిబంధనలు బిగిశాక పరిశోధకులు మళ్లీ దాన్ని పట్టించుకున్నారు.

పాత కాగితాన్ని గుజ్జు చేసి సిరా తీయడానికి కాస్టిక్ సోడా, సబ్బు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. వాడిన నీటిలో సిరా నలుసులు, పొట్టి నారలు, సుద్ద, గంజి, జిగురు మిగులుతాయి. సన్నని నలుసులకు సాధారణంగా రుణావేశం ఉంటుంది. అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఎంతకీ అడుగుకు దిగవు.

పటిక వేస్తే అందులోని అల్యూమినియం వాటిని ముద్దకట్టిస్తుంది. కరెంటు పద్ధతిలో ఆ అల్యూమినియం ఆనోడ్ పలక నుంచే కరిగి వస్తుంది. ఫారడే సూత్రం ప్రకారం ఒక ఆంపియర్-గంటకు దాదాపు 0.34 గ్రాములు కరుగుతుంది. కాథోడ్ దగ్గర పుట్టే హైడ్రోజన్ బుడగలు ముద్దల్లో కొన్నిటిని తెట్టుగా పైకి తేలుస్తాయి, మిగిలినవి మడ్డిగా దిగుతాయి. పటికతో వచ్చే సల్ఫేటు ఇందులో చేరదు. నీటిని మళ్లీమళ్లీ తిప్పి వాడే మిల్లుల్లో ఇది పెద్ద లాభం, ఎందుకంటే గాలి సోకనిచోట బాక్టీరియా సల్ఫేటును దుర్వాసన గల హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తుంది.

కరిగిపోయిన గంజి, చక్కెరలు మాత్రం ఈ విధానానికి అంతగా లొంగవు. వాటికి సూక్ష్మజీవులతో శుద్ధి తప్పదు. పలకలకు సున్నపు పొర, ఆక్సైడు పొర పడితే పని మందగిస్తుంది. అందుకే ధ్రువాలను మధ్యమధ్య తారుమారు చేస్తారు.

అప్పటికీ మిగిలే రంగును, మొండి రసాయనాలను విరగ్గొట్టడానికి ఎలక్ట్రో-ఫెంటన్ పద్ధతి ఉంది. దానికి మూలం ఇనుము, పెరాక్సైడ్ కలయికపై ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త 1894లో ప్రకటించిన చర్య. ఇక్కడ పెరాక్సైడ్ కాథోడ్ దగ్గరే తయారవుతుంది. బోరాన్ కలిపిన వజ్రపు పూత ఆనోడ్లూ ఇదే పనికి వాడతారు. రెండింటికీ కరెంటు ఎక్కువే కాబట్టి శుద్ధిలో చివరి అంచెకే ఇవి అనువు.