ఒకే కన్ను, ఇద్దరు డాక్టర్లు

మా అమ్మకి షుగరు వచ్చి పదిహేనేళ్ళు. ఆమధ్య కంటి వెనక పొర, అదే రెటీనా, ఫోటో తీయించాం. ఒక డాక్టరుగారు "తొలి దశే, ఏడాదికి రండి" అన్నారు. అదే ఫోటో చూసి ఇంకొకాయన "ఒక మెట్టు ముదిరింది, మూడు నెలల్లో చూడాలి" అన్నారు. మా బావగారికి సందు దొరికింది. "ఇద్దరు జ్యోతిష్కులు రెండు మాటలు చెబితే నవ్వుతావు కదయ్యా, మరి దీనికేమంటావు?"

న్యాయమైన ప్రశ్నే. కాస్త పాత సంగతులు తిరగేశాను.

1968లో అమెరికాలో, వర్జీనియాలోని ఎయిర్లీ హౌస్‌లో నేత్రవైద్యులు సమావేశమయ్యారు. రోగి ఫోటోని ప్రామాణిక ఫోటోలతో పోల్చి దశ నిర్ణయించే పద్ధతి అక్కడినుంచే వచ్చింది. దాన్ని సవరించి ఈటీడీఆర్ఎస్ వారు 1991లో ప్రచురించారు.

సరే, కొలబద్ద ఒకటే అయినా చూసే కళ్ళు వేరు కదా! ఏకాభిప్రాయాన్ని కొలిచే 'కప్పా' అనే లెక్కని జేకబ్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లోనే ఇచ్చాడు. ఇద్దరు డాక్టర్లు ఫోటో చూడకుండానే 100 మందిలో 10 మందికి "జబ్బుంది" అని చీటీలు తీసినట్టు చెప్పారనుకోండి. అలా చెప్పినా సగటున 82 మంది విషయంలో ఇద్దరి మాటా కలుస్తుంది! నిజంగా చూసి చెబితే 91 మంది దగ్గర కలిసిందనుకుందాం. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ కాకతాళీయాన్ని తీసేస్తే మిగిలిన 18లో కలిసింది 9, అంటే కప్పా 0.5 మాత్రమే.

మన దగ్గర్లోనే జరిగిన పరీక్ష ఒకటుంది. మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు గూగుల్ వాళ్ళతో కలిసి 3,049 మంది ఫోటోలు పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. ముగ్గురు రెటీనా నిపుణులు చర్చించి తేల్చినదాన్ని ప్రమాణంగా పెట్టుకున్నారు. (ఆ ముగ్గురూ మనుషులేననుకోండి!) మోస్తరు దశనీ, అంతకు మించినదాన్నీ విడివిడిగా చూసినవాళ్ళు పట్టుకోగలిగింది 73.4 నుంచి 89.8 శాతం. అంటే అందరికన్నా వెనకబడినవారు నూటికి 27 మందిని వదిలేశారన్నమాట. కంప్యూటరు ప్రోగ్రాము ఒకచోట 88.9, ఇంకోచోట 92.1 శాతం పట్టుకుంది.

మరి పొరపాటు ఎక్కడ జరుగుతోంది? 2018లో వచ్చిన ఇంకో పరిశీలనలో తేడాలకి పెద్ద కారణం, సన్నటి రక్తనాళాల మీద సూదిమొనంత ఉబ్బులు కంటికి ఆనకపోవడం. తరవాతిది, ఫోటోలోని మరకలు.

ఈ లెక్కలన్నీ బావగారి ముందు పెట్టాను. తమ పొరపాట్లు తామే లెక్కేసి అచ్చేసిన జ్యోతిష్కుల సంఘం ఏదైనా ఉంటే చెప్పమన్నాను. ఆయన అదంతా వదిలేసి, "ఇంతకీ ఆ ఇద్దరిలో ఎవరు కరెక్టు?" అన్నారు.

ఏమో మరి. జబ్బుంటే వదిలేయడం కన్నా లేనిదానికి ఒకసారి తిరగడం నయమని అమ్మని మూడు నెలలకే తీసుకెళ్ళాం.