హాలు పేరుగా నిలిచిన కొలత

హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య, దేవి, సుదర్శన్ వంటి హాళ్ల పేర్ల చివర చేరిన ‘70 ఎం.ఎం.’ అనే మాట, ఫిల్ము వెడల్పును మిల్లీమీటర్లలో తెలిపే సాంకేతిక పదంగా పుట్టి, కాలక్రమంలో ఆ హాలు హోదాను చాటే బిరుదుగా మారింది. ఒకే ఆవరణలో రెండు తెరలుంటే పెద్దదాన్ని 70 ఎం.ఎం. అనీ చిన్నదాన్ని 35 ఎం.ఎం. అనీ పిలిచే వాడుక సంధ్య, సుదర్శన్ విషయంలో ఎంతగా పాతుకుపోయిందంటే, ప్రొజెక్టరులో ఫిల్ము తిరగడం ఆగిపోయిన తరువాత కూడా ఆ అంకెలు చెరగలేదు. తెలుగునాట 70 ఎం.ఎం. చరిత్ర, ఆ కొలతలో తీసిన చిత్రాల చరిత్ర కంటే, ఆ కొలత కోసం కట్టుకున్న హాళ్ల చరిత్రగానే ఎక్కువగా సాగింది.

సాధారణ చిత్రాలకు వాడిన 35 ఎం.ఎం. ఫిల్ములో ఒక్కో చట్రానికి, అంటే తెరపై ఒక క్షణం నిలిచే ఒక్కో బొమ్మకు, ఫిల్ము అంచున ఉండే రంధ్రాల లెక్కలో నాలుగు రంధ్రాల ఎత్తు ఉంటుంది, 70 ఎం.ఎం. ఫిల్ములో అది ఐదు రంధ్రాలు. వెడల్పు కూడా పెరగడంతో చట్రం వైశాల్యం దాదాపు మూడు రెట్లయి, పెద్ద తెర మీద వేసినా బొమ్మ పలచబడకుండా, వెలుగు తగ్గకుండా, రేణువులు పైకి తేలకుండా నిలుస్తుంది. కెమెరాలో వాడే నెగటివ్ నిజానికి 65 ఎం.ఎం. వెడల్పే, ప్రదర్శన ప్రతిలో అదనంగా చేరే ఐదు మిల్లీమీటర్లు ధ్వని కోసం కేటాయించినవి. ఫిల్ము అంచుల వెంట పూసిన అయస్కాంతపు పూత మీద ఆరు వేర్వేరు ధ్వని పథాలను నమోదు చేసేవారు. తొలి పద్ధతిలో ఐదు పథాలు తెర వెనుక వరుసగా అమర్చిన స్పీకర్లకూ, ఆరవది హాలు గోడలకున్న స్పీకర్లకూ చేరేవి. టాడ్-ఏఓ అనే ఈ పద్ధతిలో అమెరికాలో తొలి చిత్రంగా 1955లో ‘ఓక్లహోమా’ రాగా, 1962 నాటి ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ ఈ కొలత ఏమి చూపగలదో తేల్చిచెప్పింది: ఎడారి అంచున చుక్కలా పుట్టిన ఒంటె రౌతు దగ్గరికి వచ్చేదాకా సాగే ఆ దృశ్యం చిన్న తెర మీద దాదాపు అర్థం కోల్పోతుంది.

భారతదేశంలో అసలైన 65 ఎం.ఎం. కెమెరాలు అందుబాటులో లేకపోవడం, వాటి ఖర్చును నిర్మాతలు భరించలేకపోవడం వల్ల, చిత్రాన్ని 35 ఎం.ఎం.లో తీసి, ప్రయోగశాలలో 70 ఎం.ఎం. ప్రతిగా పెద్దది చేసే పద్ధతి స్థిరపడింది. 1975లో విడుదలైన ‘షోలే’ ఇలా పెద్దదైన చిత్రమే. ఈ పనిలో తెలుగువారికి చెప్పుకోదగ్గ పాత్ర ఉంది: ఏలూరు సమీపంలోని సోమవరప్పాడు నుంచి బయలుదేరిన ఎల్.వి. ప్రసాద్ మద్రాసులో నెలకొల్పిన ప్రసాద్ ల్యాబ్‌లోనే 1982 నాటి మలయాళ చిత్రం ‘పడయోట్టం’ 70 ఎం.ఎం.కు మారింది. పెద్దది చేసిన బొమ్మలో అసలు నెగటివ్‌కు లేని వివరం కొత్తగా పుట్టదు. అయినా ఆరు పథాల ధ్వని మాత్రం అసలైనదే కనుక, ప్రేక్షకుడి అనుభవంలో సగం నిజంగానే కొత్తది.

తెలుగులో ఈ ప్రయాణమంతా నటుడు, నిర్మాత కృష్ణ పేరుతోనూ, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి పనితోనూ ముడిపడి ఉంది. పెద్ద తెర కోసం తీసిన ‘మెకన్నాస్ గోల్డ్’ భారతదేశంలో విశేషంగా ఆడిన కాలంలో, అలాంటి కౌబాయ్ చిత్రాల ప్రేరణతో ఆరుద్ర కథ సమకూర్చగా కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రమయింది. స్కోప్ అంటే కటకంతో బొమ్మను అడ్డంగా నొక్కి మామూలు ఫిల్ము మీద ఎక్కించి, ప్రదర్శనలో మరో కటకంతో దాన్ని మళ్లీ వెడల్పు చేసే పద్ధతి. ఆపైన 1986 మార్చి 21న, కృష్ణ స్వయంగా దర్శకత్వం వహించిన ‘సింహాసనం’ ఆరు పథాల స్టీరియోఫోనిక్ ధ్వనితో తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రంగా విడుదలైంది. ఈ మూడింటికీ ఛాయాగ్రహణం స్వామిదే. జానపద కథకు రాజప్రాసాదాల సెట్లు వేసి, బప్పీ లహరి సంగీతం కూర్చి తీసిన ఈ చిత్రంలో కొలతే ప్రధాన ఆకర్షణ అయిందంటే అతిశయోక్తి కాదు.

అయితే ఇలాంటి చిత్రం అందరికీ ఒకే రూపంలో అందలేదు. అయస్కాంత ధ్వనిని చదివే పరికరాలున్న హాళ్లు ప్రధానంగా నగరాలలోనే ఉండటం వల్ల, మిగతా ఊళ్లకు 35 ఎం.ఎం. ప్రతులే వెళ్లేవి. కాజీపేట నుంచి బొగ్గుగనుల ప్రాంతం గుండా బల్హార్షా వైపు సాగే రైలు మార్గం చుట్టుపట్ల ఊళ్లలోనూ, దాని కొసకు ఆవల చంద్రపూర్ విద్యుత్ కేంద్రాన్ని ఆనుకుని ఎదిగిన ఊర్జానగర్ వంటి కాలనీలలోనూ ఉండే తెలుగు ప్రేక్షకులకు, అదే చిత్రాన్ని పెద్ద తెర మీద చూడటమంటే ఒక ప్రయాణమే.

ఈ కొలత క్షీణించడానికి బొమ్మ కంటే ధ్వనే కారణమయింది. 70 ఎం.ఎం. ప్రతికి విడిగా పూత పూసి, దాని మీద ధ్వనిని నమోదు చేయవలసి ఉండటంతో ఖర్చు బాగా పెరిగేది; ఆడే కొద్దీ పూత అరిగేది. 1990ల తొలి సంవత్సరాలలో డిజిటల్ ధ్వని 35 ఎం.ఎం. ప్రతులకే అందివచ్చాక, పెద్దది చేసిన ప్రతికి మిగిలిన ఏకైక బలమైన కారణం పోయింది. ఆ తరువాత ఎల్.వి. ప్రసాద్ వారసులు 2003లో హైదరాబాదులో తెరిచిన ఐమాక్స్, ఫిల్మును నిలువుగా కాక అడ్డంగా నడిపి చట్రానికి పదిహేను రంధ్రాల వెడల్పునిచ్చే మరింత పెద్ద పద్ధతి. దాదాపు 72 అడుగుల ఎత్తున్న ఆ తెర కూడా తరువాత డిజిటల్‌కు మారింది.

పాత చిత్రాలు ఇప్పుడు ఈ హాళ్లకు ఫిల్ము పెట్టెలలో కాక 4కే డిజిటల్ ప్రతులుగా తిరిగి వస్తున్నాయి. కృష్ణ మరణానంతరం వచ్చిన తొలి జయంతి నాడు, 2023 మే 31న, అలా తిరిగి విడుదలైనది 70 ఎం.ఎం. ‘సింహాసనం’ కాదు, స్కోప్ కూడా తెలుగుకు రాకముందు 35 ఎం.ఎం. మీద స్వామి తీసిన ‘మోసగాళ్లకు మోసగాడు’.