ఆప్షన్లు పెట్టే ముందే ఆలోచించాలి
డిగ్రీ ప్రవేశాలు, సబ్జెక్టుల ఎంపికపై విద్యార్థులు తెలుసుకోవలసిన అంశాలు

బుచ్చయ్యపేట: ఇంటర్మీడియట్ పూర్తయిన విద్యార్థి డిగ్రీలో ఏ గ్రూపు తీసుకోవాలన్నది ఒకప్పుడు కళాశాలలోనే తేలేది. దరఖాస్తు పుచ్చుకునే అధ్యాపకుడు మార్కుల జాబితా చూసి, ఈ గ్రూపు నీకు బరువవుతుంది, ఆ గ్రూపులో చేరమని ఎదుటనే చెప్పేవారు. ఆ మాట అన్నివేళలా సరైనదే అయ్యేదని కాదు గానీ, చెప్పడానికి ఒక మనిషి ఉండేవారు. 2020-21 విద్యాసంవత్సరంలో రాష్ట్ర ఉన్నత విద్యామండలి డిగ్రీ ప్రవేశాలను ఆన్‌లైన్‌కు మార్చింది. నాటి నుంచి గ్రామీణ విద్యార్థుల విషయంలో ఈ నిర్ణయం చాలావరకు నెట్ సెంటరులో, వెనుక మరికొందరు వరుసలో నిలబడి ఉండగా, కొద్ది నిమిషాల్లో జరిగిపోతోంది. మూడు నాలుగేళ్ల చదువును, ఆ తర్వాతి ఉద్యోగార్హతను నిర్ణయించే ఎంపిక అది.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో బుచ్చయ్యపేట పూర్తిగా వ్యవసాయ మండలం. చెరకు, వరి పండించే కుటుంబాల నుంచి డిగ్రీ చదువుకు వెళ్లేవారిలో ఇంట్లో తొలి పట్టభద్రులు కాబోయేవారే అనేకులు. వడ్డాది కూడలిలో బస్సెక్కి చోడవరం ప్రభుత్వ డిగ్రీ కళాశాలకో, నర్సీపట్నానికో, అనకాపల్లి ఎ.ఎం.ఎ.ఎల్. కళాశాలకో వెళ్తుంటారు. స్తోమత ఉన్నవారు విశాఖపట్నంలో వసతిగృహాల్లో ఉండి చదువుతారు. సెమిస్టరు, క్రెడిట్, మేజర్, మైనర్ అనే మాటలకు అర్థం చెప్పగల పెద్దలు ఇంటివద్ద ఉండరు. స్నేహితుడు ఏది పెడితే అదే పెట్టడం, కంప్యూటర్ పేరు కనిపిస్తే దానినే నొక్కడం అందువల్లనే జరుగుతోంది.

మూడు సబ్జెక్టుల నుంచి మేజర్ వరకు

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో దశాబ్దాల తరబడి మూడు సబ్జెక్టుల గ్రూపులే నడిచాయి. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు ఒక గ్రూపు. వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు మరొకటి. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం ఇంకొకటి. ఏడాది చివర ఒకేసారి పరీక్షలు జరిగేవి. 2015-16లో సెమిస్టర్లు, క్రెడిట్ల విధానం ప్రవేశించింది. 2020-21లో పాఠ్యప్రణాళికను మరల సవరించి నైపుణ్య కోర్సులు, సమాజసేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు చేర్చారు. 2021-22 నుంచి డిగ్రీ బోధన ఆంగ్ల మాధ్యమంలోనే ఉండాలని నిర్ణయించారు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ చదివిన విద్యార్థికి ఇది సబ్జెక్టు ఎంపికను మించిన భారం.

అసలు మార్పు 2023-24లో వచ్చింది. ఆ ఏడాది చేరిన విద్యార్థులకు మూడు సమాన సబ్జెక్టుల స్థానంలో ఒకే మేజర్ సబ్జెక్టు, దానికి తోడు రెండో సెమిస్టరు నుంచి ఒక మైనర్ సబ్జెక్టు అనే పద్ధతి వర్తించింది. అంటే పాత విధానంలో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడింటా పట్టు దొరికేచోట, ఇప్పుడు విద్యార్థి ఒకదానినే లోతుగా చదువుతాడు. మిగిలినవి మైనర్‌గా దొరికితే దొరుకుతాయి, లేకుంటే లేదు.

ఎనిమిదేళ్లలో మూడుసార్లు మారిన వ్యవస్థ ఇది. పక్కింటి అన్నయ్య చెప్పిన పద్ధతి తమ్ముడికి పనికిరాకపోవడానికి కారణం అదే. ఏ ఏడాది చేరితే ఆ బ్యాచ్ నిబంధనలే విద్యార్థికి చివరి వరకు వర్తిస్తాయి గనుక, చేరే ఏడాది ఉన్నత విద్యామండలి ప్రకటనను, విశ్వవిద్యాలయం ఇచ్చే సెమిస్టర్లవారీ కోర్సుల పట్టికను తప్పక చూడాలి. ఆ పట్టిక కళాశాలలో అడిగితే ఇస్తారు. అడిగేవారే తక్కువ.

ఉపాధ్యాయ ఉద్యోగం ఆశించేవారు

ఈ ప్రాంతంలో డీఎస్సీ రాసి ఉపాధ్యాయులు కావాలన్న ఆశ బలమైనది. ఉద్యోగం వచ్చిన వారి ఇల్లు ఊరికంతకూ గుర్తు. ఆ మార్గంలో వెళ్లదలచినవారు డిగ్రీ సబ్జెక్టు దగ్గరే జాగ్రత్త పడాలి. బీఈడీ ప్రవేశానికి నిర్వహించే ఎడ్‌సెట్‌లో గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం, ఆంగ్లం మెథడాలజీలు ఉంటాయి. డిగ్రీలో చదివిన సబ్జెక్టును బట్టే మెథడాలజీకి అర్హత లభిస్తుంది. సాధారణంగా డిగ్రీలో కనీసం 50 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 40 శాతం సరిపోతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, గణితంలో మంచి మార్కులు తెచ్చుకుని, లెక్కల మాస్టారు కావాలనుకున్న విద్యార్థి ఆప్షన్లలో కంప్యూటర్ సైన్స్‌ను మేజర్‌గా పెట్టి, మైనర్‌గా గణితం కాక వేరొకటి తీసుకున్నాడనుకుందాం. డిగ్రీ చేతికొచ్చిన తర్వాత గణిత మెథడాలజీకి అర్హత ప్రశ్నార్థకమవుతుంది. బీసీఏ, బీటెక్ వంటి కోర్సులవారికి వేరే నిబంధనలు ఉన్నందున తమకు ఏది వర్తిస్తుందో ఎడ్‌సెట్ సమాచార పుస్తకంలో ముందే చదువుకోవాలి. దానిని డిగ్రీ మూడో ఏట కాక, డిగ్రీ దరఖాస్తుకు ముందు చదవడం మేలు. పోస్టుగ్రాడ్యుయేషన్ విషయంలోనూ ఇంతే. ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదవాలంటే డిగ్రీలో రసాయనశాస్త్రం ఉండాలి. కంప్యూటర్ సైన్స్ చెడ్డదని ఎవరూ అనరు; కోరిన ఉద్యోగానికి అది దారి తీస్తుందా లేదా అన్నదే చూడవలసినది.

గ్రూప్ పరీక్షలు, సచివాలయం వంటి పోటీ పరీక్షలు రాసేవారికి ఇంతటి ఇబ్బంది లేదు. వాటిలో చాలా ఉద్యోగాలకు ఏదైనా డిగ్రీ చాలు.

దరఖాస్తులో తడబాట్లు

ఆన్‌లైన్ ప్రక్రియలో ముందుగా పేరు నమోదు చేసుకుని రుసుము చెల్లించాలి. ధ్రువపత్రాల పరిశీలన జరుగుతుంది. ఎన్‌సీసీ, క్రీడలు, దివ్యాంగులు, మాజీ సైనికుల పిల్లలు వంటి ప్రత్యేక విభాగాలవారు నిర్దేశించిన సహాయ కేంద్రానికి స్వయంగా వెళ్లాలి. తర్వాత కళాశాల, కోర్సు ఆప్షన్లను ప్రాధాన్య క్రమంలో ఇవ్వాలి. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్ ప్రకారం సీటు కేటాయింపు జరుగుతుంది. గడువులోగా కళాశాలకు వెళ్లి చేరకపోతే సీటు పోతుంది.

తప్పులు ఎక్కువగా మూడు చోట్ల జరుగుతాయి. మొదటిది ఫోన్ నంబరు. నెట్ సెంటరు నిర్వాహకుడి నంబరో, ఊళ్లోని మరొకరి నంబరో ఇస్తే ఓటీపీ అతని చేతికి వెళ్తుంది. ఆప్షన్లు మార్చే అధికారం కూడా దానితోపాటే వెళ్తుంది. విద్యార్థులను చేర్పించుకోవడానికి ఊళ్లు తిరిగేవారు హాల్‌టికెట్ నంబరు, ఫోన్ తీసుకుని తామే నమోదు చేస్తామంటే అంగీకరించడం ప్రమాదకరం. రెండోది ఆప్షన్ల సంఖ్య. ఒక్క కళాశాల, ఒక్క కోర్సు పెట్టి ఊరుకున్నవారికి అక్కడ సీటు నిండిపోతే ఏమీ రాదు. మూడోది క్రమం. కేటాయింపు పైనుంచి కిందికి జరుగుతుంది గనుక, నిజంగా కోరుకున్నదే పైన ఉండాలి. ఇష్టం లేని కోర్సును ఊరికే మొదట పెడితే అదే దక్కుతుంది.

తెల్ల కాగితంపై ఆప్షన్ల జాబితాను ఇంట్లోనే రాసుకుని, దానిని చూస్తూ నింపించుకుంటే వీటిలో సగం తప్పులు తగ్గుతాయి. గడువు ముగిసేలోగా ఆప్షన్లు మార్చుకునే అవకాశం సాధారణంగా ఉంటుంది. ముద్రించిన ప్రతిని దాచుకోవాలి. కళాశాలను నేరుగా చూసి రావడం ఉత్తమం. ఆ సబ్జెక్టుకు అధ్యాపకులు ఉన్నారా, ప్రయోగశాల తెరుస్తున్నారా, మైనర్‌గా ఏవేవి బోధిస్తున్నారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం వెబ్‌సైటులో కంటే సీనియర్ విద్యార్థుల వద్ద స్పష్టంగా దొరుకుతుంది. నిబంధనల్లో ఏ మైనరైనా తీసుకోవచ్చని ఉన్నా, కళాశాలలో బోధించేవారు లేకపోతే ఆ స్వేచ్ఛ కాగితం మీదిదే.

క్రెడిట్ల లెక్క

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ఇచ్చిన ప్రణాళిక ప్రకారం ఒక సెమిస్టరులో 15 గంటల బోధన ఒక క్రెడిట్‌తో సమానం. ప్రయోగాలకైతే 30 గంటలు. మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు కావాలి. నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ కోరేవారికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు ఉండాలి. మూడేళ్లతో బయటకు రావాలా, నాలుగో ఏడు చదవాలా అన్నది ఇంటి పరిస్థితిని బట్టి తేల్చుకోవలసిన విషయం. మూడేళ్ల డిగ్రీ విలువ పోయిందన్న ప్రచారంలో నిజం లేదు.

సంపాదించిన క్రెడిట్లు 2021 జులైలో ప్రారంభమైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమవుతాయి. ఇందుకు ఆధార్, పదో తరగతి మెమోలలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉన్నవారు చేరకముందే సరిచేయించుకోవాలి.

చేరిన తర్వాత మనసు మారితే

కేటాయించిన కోర్సు నచ్చకపోతే తదుపరి విడత కౌన్సెలింగ్‌లో ప్రయత్నించవచ్చు. ప్రవేశాలు ముగిసిన తర్వాత మేజర్ మార్చుకోవడం కష్టం. కళాశాల వదలదలచినవారిని చాలాసార్లు ఆపేది ఫీజు, ఒరిజినల్ ధ్రువపత్రాలు. విద్యార్థి ఒరిజినల్ పత్రాలను సంస్థ తన వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018లో స్పష్టం చేసింది. పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలి. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే ఫీజు పూర్తిగా, ఆ తర్వాత చివరి తేదీలోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లోగా 80 శాతం, 30 రోజుల్లోగా 50 శాతం తిరిగి చెల్లించాలని అదే ప్రకటనలో ఉంది. తర్వాతి కొన్ని సంవత్సరాలకు ఇంతకంటె ఉదారమైన గడువులు కూడా ప్రకటించారు. మానుకుంటున్నట్లు దరఖాస్తును రాతపూర్వకంగా, తేదీతో ఇచ్చి, దాని నకలుపై కార్యాలయం ముద్ర వేయించుకున్నవారికే ఈ నిబంధన అక్కరకు వస్తుంది.